కొండెక్కిన సముద్రం

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అమ్మ చివరిదాకా ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. పార్వతీపురం మిషన్ కాంపౌండులో ఎవరైనా అడిగితే "మావాడు అరకులో చేపల డాక్టరు" అనేది. అది విని ఒకాయన, నేను సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు, తన గేదెని తోలుకొచ్చాడు. డాక్టర్ని కానండీ, నేను చూసుకునేది చేపల్ని కూడా కాదు, చేపలుండే నీళ్ళని, నీళ్ళకి కాపలాదారునన్నమాట అని చెప్పాను. "నీళ్ళకి కాపలా ఏటి? దొంగలెత్తుకుపోతారేటి?" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత కొన్నాళ్ళకి నిజంగానే ఎత్తుకుపోయారు.

అక్వేరియాల్లో కొత్తగా పనికి చేరే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏం చదవమంటారు సార్ అని అడుగుతుంటారు. చదవాల్సినవి పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. రాసేటన్ని రాలేదు.

కొండమీద ఏం పని

తొంభైల మధ్యలో, అరకులో పర్యాటకుల కోసం వేసిన ఒక తోటలో సముద్రపు చేపల అక్వేరియం పెడితే బాగుంటుందని పెద్దవాళ్ళెవరికో తోచింది. ఆ తోచినవారెవరో చివరిదాకా తేలలేదు. మొదటి సంవత్సరం తేలినవి చేపలే.

విశాఖలో సముద్రం పక్కన కాపురముండే జనం పొద్దున్నే రైలెక్కి, టైడా దాటి, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు వేసుకుంటూ కొండెక్కి వచ్చి, టికెట్టు కొనుక్కుని, తమ ఇంటిముందు సముద్రంలోని చేపల్నే మా అద్దాల్లో చూసేవారు. "అబ్బ, ఎంత బాగున్నాయో! మన వైపు ఇలాంటివి ఎక్కడుంటాయి?" అనుకునేవారు. వాళ్ళ ఉత్సాహం చెడగొట్టడం నా ఉద్యోగ ధర్మాల్లో లేదు.

చేపలు ఆక్సిజన్ నింపిన సంచుల్లో రైలెక్కి వచ్చేవి. నీళ్ళు తెల్ల ప్లాస్టిక్ డబ్బాల్లో వ్యానెక్కి, ఘాట్ రోడ్డు మీద ఒలికినన్ని ఒలకగా మిగిలినవి వచ్చేవి. ధర కొండెక్కితే అందదంటాం, దీపం కొండెక్కితే ఆరిపోయిందంటాం. మా సముద్రం కొండెక్కి రెండు పనులూ చేసేది.

జనం చూసే అద్దాల వెనక ఒక రేకుల గది ఉండేది. దాన్నే క్వారంటైన్ గది అనేవాళ్ళం. కొత్తగా వచ్చిన ఏ చేపనీ నేరుగా పెద్ద తొట్టిలోకి వదలకూడదు. కంటికి కనబడని పురుగు ఒక్కదాన్ని ఒంటిమీద తెచ్చినా, అక్కడున్న వాటన్నిటికీ అంటిస్తుంది. అందుకని కొన్ని వారాలపాటు విడి తొట్టిలో, ఇసుకా రాళ్ళూ లేకుండా, ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క దాక్కోవడానికి ఇచ్చి, గమనిస్తూ ఉండాలి. మా వ్యాను డ్రైవరు సింహాచలం ఉద్యోగంలో చేరిన రోజు ఆ గది పేరు చెబితే, "క్వార్టరు టైమా సారూ? ఆఫీసులోనే?" అని ఆశగా అడిగాడు. కాదని తెలిసి కొంచెం నీరసపడ్డాడు కానీ, ఉద్యోగం మానలేదు.

నా పేరు సాల్మన్ రాజు. సొలొమోను జ్ఞానం రావాలని మా నాన్న పెట్టిన పేరు. చేపల పనిలోకి వచ్చాక ఆ పేరు గల విదేశీ చేప ఒకటుందని ప్రతి అధికారీ నాకు మొదటిసారిగా చెప్పి నవ్వేవాడు. నేనూ ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వేవాణ్ణి. సర్వీసులో పైకి రావడానికి నేను చేసిన ప్రయత్నం అదొక్కటే.

కమలమ్మగారి గ్లాసు

అరకు రాకముందు విశాఖలో కమలమ్మగారి దగ్గర పని నేర్చుకున్నాను. నా మొదటి అధికారి ఆవిడే. మాట కరుకు. చేపలతో తప్ప ఎవరితోనూ మెత్తగా మాట్లాడగా నేను వినలేదు.

చేరిన రోజున నా ముందు ఒక గాజుగ్లాసులో తొట్టి నీళ్ళు పెట్టారు.

"ఎలా ఉన్నాయి?"

"అద్దంలా ఉన్నాయమ్మా."

"ఇందులో చేపని వేస్తే సాయంత్రానికి చస్తుంది. వెళ్ళి ఎందుకో తెలుసుకుని రా."

తెలుసుకున్నది ఇది. తేటగా ఉన్న నీళ్ళు వేరు, మంచి నీళ్ళు వేరు. చేప తిన్నది తిన్నట్టు నీళ్ళలోకే వదులుతుంది, దానికి వేరే చోటు లేదు. అందులోంచి అమ్మోనియా పుడుతుంది. దానికి రంగు లేదు. మొప్పలు మండిపోయి చేప పైకి వచ్చి నోరు తెరిచేదాకా అదక్కడుందని మనకి తెలియదు. దాన్ని తినే సూక్ష్మజీవులు స్పాంజిలోనో రాళ్ళలోనో కొత్త ఊళ్ళో కాపురం కుదురుకున్నట్టు కుదురుకోవాలి. వారాలు పడుతుంది. వాటిని తొందరపెట్టే జీవో ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ తేలేదు.

ఆవిడ చెప్పిన ఇంకో ముక్క. తొట్టిలో నీళ్ళు తగ్గితే కొత్తవాళ్ళు ఉప్పునీళ్ళు పోస్తారు. పోయకూడదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. మంచినీళ్ళే పోయాలి. ఆఫీసుల్లోనూ అంతే అని నాకు తరవాత అర్థమైంది. మంచివాళ్ళు బదిలీ మీద ఆవిరైపోతుంటారు, ఉప్పు అడుగునే ఉండి చిక్కబడుతుంటుంది.

చలపతిరావుగారి కోడిగుడ్డు

అరకులో నా అధికారి చలపతిరావుగారు. గోదావరి జిల్లాల మనిషి. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. దయగలవాడు. నేను చూసిన చేపల చావుల్లో ఎక్కువభాగం దయవల్లే జరిగాయి.

పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని గదిలోకి వచ్చి, తొట్టిముందు నిలబడి, "పాపం, బక్కచిక్కిపోయాయయ్యా" అనేవారు. "కొత్త చోటు కదండీ, రెండు పూటలు తినకపోయినా ఏం కాదు" అని నేను అనేవాణ్ణి. అలాగేలే అని వెళ్ళిపోయేవారు. నేను భోజనానికి వెళ్ళగానే మళ్ళీ వచ్చి ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన నలిపి వేసేవారు. చేపలు దాన్ని ముట్టుకునేవి కావు. అది అడుగుకి చేరి కుళ్ళేది. నేను వచ్చి గొట్టం పెట్టి లాగేవాణ్ణి. "చూశావా, అంతా తినేశాయి!" అని మర్నాడు ఆయన పొంగిపోయేవారు.

ఒక్కమాట గట్టిగా చెప్పి ఉంటే సరిపోయేదని మీకు అనిపిస్తుంది. అధికారితో కోడిగుడ్డు గురించి గట్టిగా మాట్లాడటం ఎంత కష్టమో ఉద్యోగంలో చేరాక మీకే తెలుస్తుంది. నేను చేసింది మాత్రం, గది తాళం నా దగ్గరే పెట్టుకోవడం. ఆయన రెండో తాళం చేయించుకున్నారు.

తెల్లచుక్కలు

ఆ చైత్రమాసంలో కొత్త చేపలొచ్చాయి. సీతాకోకచిలుక చేపలు, పసుపూ నీలం చారల దేవతచేపలు, మూతి ముందుకు పొడుచుకొచ్చిన ఒక ముదురు చేప. మా సంస్థ డైరెక్టరుగారు వేసవి చివర, బళ్ళు తెరిచే రోజుల్లో తనిఖీకి వస్తారని, పెద్ద తొట్టిలో ఇవే కళకళలాడాలని కబురు.

వచ్చిన వారంలోపే వాటి రెక్కల మీద ఉప్పుకళ్ళు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. గొట్టం ముక్కకేసి ఒళ్ళు రుద్దుకోవడం మొదలెట్టాయి. పురుగు పట్టిందన్నమాట. దానికి రాగి మందు ఉంది, కానీ సీతాకోకచిలుక చేపలు రాగిని తట్టుకోవు. కొంచెం వేశాను. పురుగుకి చాలలేదు, స్పాంజిలోని సూక్ష్మజీవులకి మాత్రం ఎక్కువైంది. ఆపైన జబ్బుచేసిన వాటికి బలం రావాలని చలపతిరావుగారు గుడ్ల సంఖ్య పెంచారు. ఒక ఉదయం అమ్మోనియా పరీక్ష చేస్తే, గాజుగొట్టంలో పసుపురంగు ఉండాల్సిన నీళ్ళు తమలపాకు పచ్చగా మారాయి.

అంత అమ్మోనియాకి ఒక్కటే దారి. తొట్టిలో నీళ్ళు దాదాపు మొత్తం మార్చాలి. సింహాచలాన్ని వ్యానిచ్చి సముద్రానికి పంపాను.

సింహాచలం రోజుకూలీ మీద పనిచేసే డ్రైవరు. ఊరు ఎస్.కోట. ఆ వేసవి దాటాక భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ అరకు తెచ్చుకుని, పిల్లల్ని మిషన్ బళ్ళో వేద్దామని ఆశ. గది కూడా మాట్లాడి పెట్టుకున్నాడు. "నాకు సదువు నేదు, ఆ గుంటలకైనా రావాల సారూ. కొండమీదైతే సల్లగా సదువుకుంటాయి" అనేవాడు.

మధ్యాహ్నానికి రావాల్సినవాడు పొద్దు వాలుతుండగా వచ్చాడు. చొక్కా మీద పసుపు, చెవిలో పువ్వు, కళ్ళు అదోరకంగా ఉన్నాయి. ఇటుకల పండగ రోజులవి. చైత్రంలో ఏజెన్సీ ఊళ్ళన్నీ చేసుకునే విత్తనాల పండగ. మగవాళ్ళు వేటకి అడవిలోకి పోతే, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు కట్టి, వచ్చేపోయే బళ్ళని ఆపి, ఆడిపాడి, పండగ మామూలు తీసుకుని కానీ వదలరు. ఆ ఆలస్యమే అనుకున్నాను. చేపలు నీటిపైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే విచారణ పెట్టే తీరిక లేదు. అతని సీటు పక్కన పెట్టుకొచ్చిన డబ్బా తీసి హైడ్రోమీటరు వేసి చూశాను. హైడ్రోమీటరంటే నీళ్ళలో నిలువుగా తేలే గాజు గొట్టం, ఉప్పు ఎంత ఎక్కువుంటే అంత పైకి తేలుతుంది. చక్కగా తేలింది. అచ్చమైన సముద్రం.

సన్నటి గొట్టంతో పాత నీళ్ళు తీస్తూ కొత్తవి వదులుతూ, ఆ సాయంత్రమూ మర్నాడు పొద్దుటా డబ్బాలన్నీ ఖాళీ చేశాం. అమ్మోనియా దిగింది. చేపలు కిందికి దిగాయి. నా గుండె కూడా దాని చోటికి దిగింది. ఆనందంతో తొట్టిలో హైడ్రోమీటరు వేశాను. అది తేలలేదు. నూతిలో చెంబు జారినట్టు బుడుంగున అడుక్కి పోయింది.

గాజు పగిలిందేమోనని తీసి చూశాను. పగల్లేదు. నీళ్ళు నాలుకకి తగిలించి చూశాను. సముద్రం కాదది. ఉప్పు తక్కువైన మజ్జిగ.

ఇక్కడొక మాట రాసుకోండి. ఒక డబ్బాని చూసి అన్ని డబ్బాలకీ సర్టిఫికెట్ ఇవ్వకండి.

ఖాళీ డబ్బా మర్యాద

సింహాచలాన్ని పిలిచాను. చలపతిరావుగారు నా వెనకే నిలబడ్డారు.

"దారిలో ఏం జరిగింది?"

"ఏటీ జరగనేదు సారూ."

"సింహాచలం!"

"మొదటి రెండూళ్ళలోనూ సిల్లర ఇచ్చుకున్నాను. మూడో ఊరికొచ్చేతలికి జేబు కాళీ. లోపల ఏటున్నాదని అడిగినారు. నీళ్ళమ్మా అన్నాను. ఊటలున్న కొండమీదికి నీళ్ళెవుడు తెత్తాడ్రా, సారా తెత్తన్నావా అని మూతలు తీసీసినారు."

అతని వాదన కన్నా వాళ్ళ వాదన బలంగా ఉందని నేను ఒప్పుకోక తప్పలేదు.

"అప్పుడు?"

"సముద్రం నీళ్ళమ్మా అన్నాను. దొయిమతవ్వని ఒక ముసలామె ఉన్నాది, ఆ ఊరికి పెద్ద. ఏలు ముంచి నాకి, 'ఓలె, ఉప్పే!' అని కేకేసింది. అంతే సారూ, ఊరూరంతా బిందెల్తో వొచ్చీసినారు. ఎప్పుడూ సముద్రం సూడనేదట ఆమె. సూడ్డానికి పోలేను, ఇంటికైనా తెచ్చుకుంతానంది. ఏటనమంటారు?"

"వద్దనాలయ్యా!" అని చలపతిరావుగారు అరిచారు.

"నన్ను మాటాడనిచ్చినారేటి? సెయ్యట్టుకుని దింసా వరసలోకి లాగీసినారు. ఆడుతుంటే ఎనక్కి తిరిగి సూడకూడదు గదా సారూ, వరస సెడిపోతాది. డబ్బాలు కడుగుతన్నారనుకున్నాను."

కడగలేదు. సీటు పక్కనున్న డబ్బా తప్ప, మిగతావాటిలో సముద్రం తీసుకున్నాక, తీసుకున్నంత మేరా తమ ఊటనీళ్ళతో అంచులదాకా నింపి, మూతలు బిగించి పంపారు. అడవికి పోతూ అప్పు తీసుకున్న నీళ్ళ సొరకాయబుర్రనైనా వాళ్ళు ఖాళీగా తిరిగివ్వరు. లోపల గుప్పెడు గింజలో, నాలుగు చింతపళ్ళో పెట్టి ఇస్తారు. పండగపూట ఒకరి డబ్బాలు ఖాళీగా పంపడమంటే ఊరికి తలవంపులు. అందుకని తమ దగ్గరున్న వాటిలో మంచి నీళ్ళు, తాము తాగే ఊట నీళ్ళు, మోసుకొచ్చి మరీ నింపారు. మా చేపల్ని చంపడానికి అంతకన్నా మర్యాదైన మార్గం ఉండదు.

"ఇది దొంగతనం. పోలీసు కంప్లైంటు ఇద్దాం" అన్నారు చలపతిరావుగారు.

"ఏమని ఇద్దాం సార్? సముద్రం పోయిందనా?"

ఆయన కోపాన్ని అందేచోటికి మళ్ళించారు.

"సింహాచలం, చెబుతున్నా విను. ఈ చేపలు బతికితే నువ్వుంటావు. ఒక్కటి తేలినా ఆ మర్నాటినుంచి పనిలోకి రానక్కర్లేదు."

రోజుకూలీ మనిషిని తీసెయ్యడానికి కాగితం కూడా అక్కర్లేదు. సింహాచలం చెవిలో వాడిపోయిన పువ్వు తీసి జేబులో వేసుకున్నాడు.

ఉప్పు ముట్టుకోకు

అరగంటలో చలపతిరావుగారు సంత బజారునుంచి గళ్ళుప్పు బస్తా తెప్పించారు. "కలిపెయ్యి. సముద్రమంటే ఉప్పూ నీళ్ళే కదా."

కాదు. సముద్రంలో ఉప్పొక్కటే లేదు, ఇంకా చాలా సరుకుంది. పైగా ఉప్పు తగ్గడాన్ని చేప ఓర్చుకుంటుంది కానీ, ఒక్కసారిగా పెరిగితే ఓర్చుకోదు. నాకు అంతవరకు తెలుసు. ఆపైన ఏం చెయ్యాలో తెలియదు. బస్తా మీద కూర్చున్నాను. అధికారి ఎదుట నేను చూపిన ధైర్యాల్లో పెద్దది అదే, అదీ కూర్చుని చూపించాను.

"ఒక్క ఫోను చేసొస్తాను సార్. అప్పటిదాకా ఆగండి."

ఎస్టీడీ బూతుకి పరిగెత్తి కమలమ్మగారికి ఫోన్ చేశాను. ఆవిడ అప్పటికే రిటైరయ్యారు. జరిగింది మొత్తం చెప్పాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. లైను తెగిందనుకున్నాను. తెగలేదు, నవ్వుతున్నారు. ఆవిడ నవ్వు వినడం అదే మొదటిసారి.

"ఇప్పుడు ఒళ్ళు రుద్దుకుంటున్నాయా?"

ఆలోచిస్తే, పొద్దుటినుంచి ఒక్కటీ గొట్టం దగ్గరికి పోలేదు. "లేదమ్మా."

"రుద్దుకోవు. ఉప్పు సగానికి తగ్గితే చేప తట్టుకుంటుంది, పురుగు తట్టుకోలేదు. నీళ్ళు లోపలికి చొరబడి పగిలిపోతుంది. ఉప్పు ముట్టుకోకు. కొన్ని వారాలు అలాగే ఉంచు. కొండ ఊటనీళ్ళు కదా, మెత్తగా ఉంటాయి, పులుపు తిరుగుతాయి. చిటికెడు చిటికెడు తినే సోడా వేస్తూ చూసుకో. అమ్మోనియా రోజూ చూడు. తగ్గిన నీటికి మళ్ళీ ఆ ఊటనీళ్ళే పొయ్యి."

"మరి పొడుగుమూతి చేప—"

"ముందు నువ్వు కంగారు పడకు. నీళ్ళు చూసుకో, చేపలు తమని తామే చూసుకుంటాయి." ఫోన్ పెట్టేశారు.

బజ్జీల బండివాడి దగ్గర తినే సోడా తీసుకుని వెనక్కి వచ్చాను. "బజ్జీలు వేస్తావా వాటిని?" అని చలపతిరావుగారు అడిగారు. ఉప్పు బస్తా మాత్రం మెల్లిగా వంటశాలకి పంపించేశారు.

అప్పటినుంచి సింహాచలం ఆ గది వదిలితే ఒట్టు. బండి పని లేనప్పుడల్లా తొట్టి ముందు బాసిపట్టు వేసుకుని కూర్చునేవాడు. ప్రతి చేపకీ పేరు పెట్టాడు. సింహాద్రప్పన్నకి మొక్కాడు. అది చాలక నన్ను పట్టుకుని, "మీ యేసుబాబుకి కూడా ఓ మాట సెప్పండి సారూ, ఇద్దరి సెవిలోనూ ఏసుంటే మంచిది" అన్నాడు. చెప్పాను. ప్రార్థన చేశాను, అమ్మోనియా పరీక్షా చేశాను. దేనివల్ల పని జరిగిందో తేల్చుకోవడానికి ఒకటి ఆపి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఒక తెల్లవారుజామున నా గుమ్మంముందు కేక. "సారూ, బేగి రండి! పోయింది సారూ! మా కోటేశు పోయాడు!"

కోటేశంటే పొడుగుమూతి చేప. పరిగెత్తి చూస్తే నిజంగానే తొట్టి అడుగున పక్కకి ఒరిగి, కన్ను పైకి పెట్టి పడి ఉంది. "ఒక్కటి తేలినా అన్నారు... ఇది తేలనేదు కదా సారూ, మునిగింది. లెక్కలోకి వొత్తాదా?" అని సింహాచలం అడిగాడు. నేను పుల్లతో మెల్లిగా తగిలించాను. చేప ఉలిక్కిపడి లేచి, మమ్మల్ని చీదరగా చూసి, గొట్టంలోకి పోయింది. ఆ జాతి అలాగే పక్కకి ఒరిగి నిద్రపోతుంది. నాకు తెలిసిన సంగతే. కేక విన్నాక గుర్తు రాలేదు.

తగ్గిన నీటికి ఊటనీళ్ళు పోయాలి కాబట్టి ఇప్పుడు వ్యాను సముద్రానికి కాక దొయిమతవ్వ ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. మొదటిసారి నేనూ వెళ్ళాను. డబ్బాలు ఖాళీగా తీసుకెళ్ళడానికి సింహాచలం ఒప్పుకోలేదు. "ఆళ్ళు నింపి పంపితే మనం కాళీవి అట్టికెల్తామా?" అన్నాడు. పెద్ద తొట్టిలోంచి తీసేసిన సముద్రపు నీళ్ళు ఒక డబ్బాలో పోసి పట్టుకెళ్ళాం.

దొయిమతవ్వ ఆ డబ్బా చూసి మొహం చిట్లించింది. ఏజెన్సీలో చిన్నా పెద్దా అందరినీ నువ్వనే అంటారు, అధికారైనా అంతే.

"నీవేనా సముద్రపోడివి?"

"అవునవ్వా."

"సేదు."

"ఏమిటి చేదు?"

"నీ సముద్రం. కుండలో కాచినాను. ఉప్పొచ్చింది. కూరలో ఏస్తే సేదు. మా కోడలు ఉమ్మీసింది. సరిగా కడగనేదా నువ్వు?"

సముద్రం నీళ్ళు మొత్తం మరిగిస్తే ఉప్పుతోపాటు చేదు లవణాలూ మిగులుతాయి. అది చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ వినే ధోరణిలో లేదు. సముద్రం తరఫున నేనే క్షమాపణ చెప్పి, ఊటనీళ్ళు పట్టుకుని వచ్చేశాను.

తనిఖీ

వారాలు గడిచాయి. చుక్కలు ఒక్కొక్కటే రాలిపోయాయి. చేపలు తిండి తినడం మొదలెట్టాయి, కోడిగుడ్డు తప్ప. రెండువేల సంవత్సరం దాటాక ప్యాకెట్లలో సముద్రపు ఉప్పు వచ్చింది, ఒక్క చుక్క వేస్తే ఉప్పుశాతం చెప్పే దుర్భిణి లాంటి పరికరం వచ్చింది. ఇప్పుడు మీరు ఈ వైద్యం కొలిచి, తూచి చెయ్యవచ్చు. మేము పండగ మీద ఆధారపడ్డాం.

డైరెక్టరుగారు వచ్చే ముందురోజు చలపతిరావుగారు చేతులు నలుపుకుంటూ వచ్చారు.

"చేపల్ని పెద్ద తొట్టిలోకి మార్చెయ్యి. అద్దాల ముందు బాగుంటాయి."

"కుదరదు సార్. అక్కడ నిండు ఉప్పు. ఇందులోంచి అందులో వేస్తే సాయంత్రానికి అన్నీ తేలతాయి. ఉప్పు మెల్లిగా, రోజులు పట్టి పెంచాలి."

"ఒక్కపూటకే కదయ్యా."

"చావడానికి అంతకూడా అక్కర్లేదు సార్."

ఆయన సింహాచలం వైపు చూశారు. సింహాచలం తొట్టి వైపు చూశాడు. చేపల్ని మార్చలేదు. క్వారంటైన్ అంటే గది కాదు, తొట్టి కాదు, వద్దు అని చెప్పి ఆ మాట మీద ఉండటం. మిగతా పనంతా దాని చుట్టూ ఉండే సామాను.

డైరెక్టరుగారు మితభాషి. పెద్ద తొట్టి సగం ఖాళీగా ఉండటం చూసి పెదవి విరిచి, ఏమీ అనకుండా మా రేకుల గదిలోకి వచ్చారు. వంగి చాలాసేపు చేపల్ని చూశారు.

"తెల్లచుక్కలొచ్చాయని విన్నాను. ఎలా తగ్గాయి?"

నేను నోరు తెరిచేలోగా చలపతిరావుగారు ఒకడుగు ముందుకేశారు.

"ఉప్పుశాతం తగ్గించే పద్ధతి సార్. చేప తట్టుకుంటుంది, పురుగు పగిలిపోతుంది. నాకు వచ్చిన ఆలోచనే."

"భేష్. రాగి లేకుండానా? మరి అంత మంచి నీళ్ళు ఎక్కడివి? ఇక్కడి కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందే."

"కొండ ఊట సార్. ప్రత్యేకంగా తెప్పించాను."

"ఎవరు తెచ్చారు?"

ఇంత దూరం వచ్చాక వెనక్కి తిరిగే చోటు లేదని చలపతిరావుగారికి అప్పుడే తట్టినట్టుంది. నేను అందుకున్నాను.

"మా డ్రైవరు సింహాచలం సార్. చలపతిరావుగారు ఎలా తెమ్మన్నారో అలాగే, చెప్పింది చెప్పినట్టు తెచ్చాడు."

సింహాచలాన్ని పిలిచారు. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ నీళ్ళు నువ్వే తెచ్చావా?"

"సిత్తం బాబూ."

"ఎవరు తెమ్మన్నారు?"

సింహాచలం నన్ను చూశాడు. చలపతిరావుగారిని చూశాడు. చలపతిరావుగారు మఫ్లరు సర్దుకుని, చాలా కొద్దిగా, తల ఊపారు.

"అయ్యగారే బాబూ. బుర్ర సానా గొప్పది ఆరిది."

డైరెక్టరుగారు సంతోషించారు. "చెప్పిన పని అర్థం చేసుకుని చేసేవాళ్ళు దొరకడం కష్టం చలపతిరావుగారూ. ఇతన్ని వదులుకోకండి" అని, జీపెక్కి వెళ్ళిపోయారు.

జీపు దుమ్ము అణిగింది. సింహాచలమే ముందు అడిగాడు.

"సారూ, ఇంతకీ నాను పనిలోకి రావాలా, వొద్దా?"

"రాకపోతే నీళ్ళు నేను మోస్తానా?" అని కసిరారు చలపతిరావుగారు. "రా. రేపు పొద్దున్నే రా. వేళకి రా."

"రేపు కుదరదు సారూ."

"ఏం?"

"ఎస్.కోట ఎల్లాల. మా ఇంటిదాన్నీ, గుంటల్నీ తెచ్చుకోవాల. బడి తెరిసీసినారు, ఈ సేపల సంగతి తేలేదాకా ఆపినాను."

చలపతిరావుగారు నా వైపు తిరిగారు. ఆ మొహం ఇప్పటికీ నాకు కళ్ళకి కడుతుంది. "చూశావటయ్యా సాల్మన్? ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియనన్నాళ్ళూ రోజూ వచ్చాడు. ఉందని చెప్పిన నిమిషానికి సెలవడుగుతున్నాడు!"

అంటూనే జేబులోంచి వ్యాను తాళాలు తీసి సింహాచలం చేతిలో పెట్టారు. సామానుతో బస్సులో రాలేరు కదా అన్నారు.